కాళేశ్వరంలో పోయిన మీసం

మా నాయిన నిక్షేపంగా బతికుండగానే ఆయన చావుకు ఊరంతటినీ పిలిచిన ఘనుణ్ణి నేను. కావాలని పిలవలేదు. అసలు నోరు తెరవకుండానే పిలిచాను. టెంటు వచ్చింది, డప్పులు వచ్చాయి, పూలదండలు వచ్చాయి, ఆఖరికి నాయిన కూడా వచ్చాడు. ఇదంతా నా పైపెదవి మీద ఉండాల్సిన నాలుగు వెంట్రుకలు లేకపోవడం వల్ల జరిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. నాకు మాత్రం అది తలుచుకుంటే ఈనాటికీ చెయ్యి దానంతటదే మూతి మీదికి పోతుంది.

ముందు మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. గుండ్లు రెండు రకాలు. మొక్కు గుండంటే తల ఒక్కటే గీస్తారు, మీసం జోలికి పోరు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు చేయించే కర్మ గుండుకు తలతో పాటు మీసం కూడా పోతుంది. అందుకే గుండు మీద మీసం లేని మగవాడు కనిపిస్తే మా ఊళ్ళో ఎవరూ ఏమీ అడగరు. పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేస్తారు, అంతే. తండ్రి ఉన్న కొడుకు మీసం తీయడమంటే తండ్రి ఫొటోకు దండ వేయడమే. పట్నంలో అందరూ నున్నగా గీసుకుని తిరుగుతున్నారు కదా అంటారా? అనండి, నా దగ్గర అనండి. మా నాయిన ముందు మాత్రం అనకండి.

మా నాయిన పేరు కొమురయ్య. మాది పెద్దవంగర పక్కన పల్లె. అక్కడ ఆయనకన్నా ఆయన మీసం ఎక్కువ ప్రసిద్ధి. నలభై ఏళ్ళుగా ఆ మీసం కింద ఏముందో మా అమ్మకు కూడా తెలియదు. ఆ ఏడాది ఆయనకు గుండెనొప్పి వచ్చింది. వరంగల్ దవాఖానలో స్టెంటు వేశారు. డాక్టరు మా అమ్మను, నన్ను నిలబెట్టి గట్టిగా చెప్పాడు: "పది రోజులు ఆయనకు ఎలాంటి షాకూ తగలకూడదు. మంచి వార్తయినా మెల్లగా చెప్పండి."

ఇంటి దగ్గర మా అవ్వ, అంటే నాయినను కన్న తల్లి, అప్పటికే కాళేశ్వరానికి మొక్కేసింది. కొడుకు బతికి బయటపడితే గుండు చేయిస్తానని మొక్కింది. ఎవరి గుండు? నాది. మొక్కు ఆమెది, జుట్టు నాది.

"అవ్వా, మొక్కుకునేటప్పుడు నన్నొక మాట అడగొద్దానే?"

"నిన్ను అడిగేదేంది రా? దేవుణ్ణే అడగలె, చెప్పిన. నా కొడుకు గడప తొక్కకముందే మొక్కు తీరాలె. పో."

నాయినను ఇంటికి పంపే రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి కారులో అమ్మ తీసుకొస్తుంది. ఈలోపు నేను కాళేశ్వరం పోయి, గుండు చేయించుకుని, దర్శనం చేసుకుని, ఆయనకన్నా ముందే ఇల్లు చేరాలి. తెల్లారకముందే బస్సెక్కాను. దారి పొడుగునా సెల్లులో గుడి గురించి వీడియోలు చూశాను. దిగేసరికి పురాతన దేవాలయాల మీద నాకు మించిన పండితుడు లేడు. ఎప్పటి రాళ్ళు, నాలుగు దిక్కులా నాలుగు గోపురాలు, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. ఇంకొకటి ముక్తీశ్వరుడు, అంటే శివుడు. అక్కడ యముడికే ముందు పూజ. ఇంత తెలిసినవాణ్ణి, గుండు ఎక్కడ చేయించుకోవాలో మాత్రం కనుక్కోలేదు.

గుండ్లు చేసే షెడ్డు దగ్గరికి పోతే వరుస చూసి గుండె జారింది. ఎక్కడెక్కడి పిల్లల పుట్టువెంట్రుకలన్నీ ఆ రోజుకే పెట్టుకున్నట్టున్నారు. నా వంతు వచ్చేసరికి గుండు కాదు, తల నెరుస్తుంది. అటూ ఇటూ చూశాను. కింద గోదావరి ఒడ్డున పదిమంది మగవాళ్ళు చక్కగా ఒక వరుసలో కూర్చుని ఉన్నారు. ఇద్దరు క్షురకులు చకచకా గీసుకుంటూ పోతున్నారు. ఇంకేం కావాలి? మెల్లగా పోయి, తువ్వాలు నెత్తిన కప్పుకుని, వాళ్ళ చివర కూర్చున్నాను. పదిమందిలో పదకొండోవాణ్ణి ఎవరు లెక్కపెడతారు?

ఎంత తెలివో చూశారా! అందులో ఒక్కరూ నవ్వడం లేదని, ఒక్క పిల్లవాడు కూడా లేడని, పక్కనే ఇస్తరాకులో పిండాలు ఉన్నాయని ఆ తెలివికి కనిపించలేదు.

నా వంతు వచ్చింది. తల దించాను. నోరు విప్పితే ఎక్కడ దొరికిపోతానోనని పళ్ళు బిగించి కూర్చున్నాను. తల అయిపోయింది. క్షురకుడు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. ఓహో, గడ్డం కూడా గీస్తున్నాడు, ఎంత మంచివాడు అనుకుని కళ్ళు మూసుకున్నాను. ముక్కు కింద చల్లగా రెండు గీతలు తగిలాయి. రెండే. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది.

"అన్నా, నా మీసం?"

"అయింది, లే."

"ఎందుకు తీసినవే?"

"అందరికి తీసిన. నీకొక్కనికే ఉంచితే బాగుంటదా?"

"నేను మొక్కు గుండుకు వచ్చిన!"

ఆయన చేతిలో కత్తి ఆగింది. "మరి గీడెందుకు కూసున్నవ్? గీళ్ళంత కర్మకు వచ్చినోళ్ళు గదా!" నన్ను కిందికీ మీదికీ చూశాడు. "మీ నాయిన ఉన్నడా?"

"ఉన్నడు."

"శివశివా! నేను తీయలె తమ్మీ. నువ్వే తీయించుకున్నవ్." కత్తి మడిచి, కడిగి, మళ్ళీ కడిగి, నావైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

అప్పుడు ఆ పదిమందిలో పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళది బయ్యారం. పోయినవాడు వాళ్ళ పెద్దబాపు. "నిన్ను గుర్తు పట్టలె బిడ్డా. నువ్వు ఎవరి తాలూకు?"

ఇక్కడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. వరుస దాటి దూరినవాణ్ణని చావింటి వాళ్ళ మొహం మీద ఎట్లా చెప్తాను?

"దూరం చుట్టం పెద్దనాయినా," అన్నాను.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దూరం చుట్టమై ఉండి మా పెద్దబాపు కోసం మీసం తీసినవ్. మా సొంత బామ్మర్ది రాలే గని నువ్వొచ్చినవ్." నన్ను రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆయన వాళ్ళ పెద్దబాపు కోసం ఏడుస్తున్నాడు, నేను నా మీసం కోసం. కన్నీళ్ళు ఒకే రకంగా ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

సరిగ్గా ఆ సమయంలో, మెట్ల మీద మా ఊరి పాలకేంద్రం రమేష్ నిలబడి ఉన్నాడు. అత్తగారి వాళ్ళతో దర్శనానికి వచ్చాడట. మా నాయిన దవాఖానలో ఉన్నాడని వాడికి తెలుసు. నా గుండు చూశాడు, మూతి చూశాడు, ఏడుపు చూశాడు. దుఃఖంలో ఉన్నవాణ్ణి పలకరించి ఇంకా బాధపెట్టడం ఎందుకని దూరం నుంచే దండం పెట్టి, ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. వాడు చాలా మంచివాడు. ఆ మంచితనమే నా కొంప ముంచింది. నేను మాత్రం అప్పుడు వాణ్ణి చూడనేలేదు.

నదిలో మునిగి, సెల్లు ఆపేసి కౌంటర్లో ఇచ్చి, గుళ్ళోకి పోయాను. నా మూతి చూసి జనమే పక్కకు తప్పుకున్నారు. "పోనీయండ్రి, పాపం, కర్మ అయినట్టుంది." జీవితంలో మొదటిసారి తోసుకోకుండా ముందుకు పోయాను, అది కూడా ఇలా.

లోపల రెండు లింగాలు. ముందు యముడికే మొక్కాలి కదా. చేతులు జోడించి, వేడుకున్నాను: "సామీ, నా మూతి చూసి పొరపాటు పడకు. మా నాయిన ఉన్నడు. మంచిగున్నడు. పేరు కొమురయ్య, మాది పెద్దవంగర పక్కన, ఊర్లకు పోంగనే ఎడమ దిక్కు మూడో ఇల్లు…"

అక్కడ నా నోరు ఆగిపోయింది. నేనేం చేస్తున్నాను? యముడి ముందు నిలబడి మా నాయిన పేరూ, ఊరూ, ఇల్లూ గుర్తులతో సహా చెబుతున్నాను! గబగబా పక్కనున్న ముక్తీశ్వరుడి వైపు తిరిగి, "సామీ, ఇప్పుడు నేను చెప్పింది ఆయన మరిచిపోయేటట్టు నువ్వే చూడాలె," అని చెంబు నీళ్ళు పోసి బయటపడ్డాను. మెట్లు దిగుతుంటే అసలు సంగతి గుర్తొచ్చింది. ఇంటికొచ్చిన నాయిన నా మొహం చూస్తాడు. అంతకు మించిన షాకేముంటుంది? స్టెంటు వేసిన గుండెను నా చేతులతో నేనే ఆపబోతున్నాను.

భూపాలపల్లిలో బస్సు దిగాను. బస్టాండు పక్కనే డిగ్రీలో నాతో చదివిన మొయిన్ ఫ్యాన్సీ స్టోరు ఉంది. వాడు నన్ను చూసి గల్లా ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"యా అల్లా! శీను భాయ్… అబ్బా గుజర్ గయే క్యా? ఎప్పుడు?"

"లేదు రా! నాయిన బతికే ఉన్నడు!"

"తో ఫిర్ మూచ్ కిధర్ గయీ? మీసమేది?"

అంతా చెప్పాను. వాడు ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, తర్వాత కౌంటరు కిందికి వంగి నవ్వాడు. నవ్వడం అయ్యాక ఒక డబ్బా తీశాడు. బడిపిల్లల వేషాలకు అద్దెకిచ్చే మీసాలు అందులో ఉన్నాయి.

"గిది రాజుది. గిది తాతది. గిది పోలీసుది. నీకు పోలీసుది సెట్ అయితది."

"నా మీసం గింత లావు లేకుండె రా."

"పరేషాన్ గాకు యార్. దవాఖాన నుంచి వచ్చినాయన కొలిచి చూస్తడా?" అంటూ గమ్ము రాసి అతికించాడు. "సునో. చెమట రానియ్యకు. నవ్వకు. చాయ్ తాగకు."

"ఏడ్వచ్చా?"

"జర తక్కువ."

బస్సెక్కి, అద్దంలో నా మొహం చూసుకుని, కాస్త ఊపిరి పీల్చుకుని సెల్లు ఆన్ చేశాను. నలభై మిస్డ్ కాల్స్. ఊరి వాట్సాప్ గ్రూపులో పెద్దాయన భుజం మీద తల పెట్టి నేను ఏడుస్తున్న ఫొటో. దాని కింద రమేష్ రాశాడు: "మన కొమురన్న ఇక లేరు. కాళేశ్వరంలో కర్మ జరుగుతున్నది." ఆ కింద వరుసగా దండాలు, దీపాలు, పూలు. ఒకడైతే, "మొన్ననే కలిసినం, మనిషి జీవితం ఇంతే," అని రాశాడు. మనిషి పోయిన రోజే కర్మ ఎట్లా అవుతుందని ఊరు మొత్తంలో ఒక్కడూ అడగలేదు.

రమేష్‌కు ఫోన్ చేశాను. స్విచాఫ్. వాడిప్పుడు దర్శనం వరుసలో ఉన్నాడు. వాడు వరుస దాటే రకం కాదు. నేనే గ్రూపులో రాశాను: "మా నాయిన బతికే ఉన్నడు. మంచిగున్నడు."

వెంటనే జవాబులు వచ్చాయి. "పాపం, పిల్లగాడు తట్టుకోలేకపోతున్నడు." "ధైర్యంగ ఉండు తమ్మీ." "మనసుల ఎప్పుడు బతికే ఉంటడు."

అవ్వకు ఫోన్ చేశాను. "ఏం రా శీనిగా, నీ నాయిన సచ్చిండంట గదా?" అంది.

"లేదు అవ్వా!"

"నాకు తెల్వదా? గిప్పుడే నాతోని మాట్లాడిండు. సొరకాయ కూర ఒండమన్నడు. సచ్చినోడు సొరకాయ అడుగుతడా అని అందరికి చెప్తున్న. ఎవ్వడు ఇంటలేడు. కొడుకు పోయిన దుఃఖంల ముసల్దానికి మతి తప్పిందంటున్నరు. గీడ టెంటు ఏసిన్రు రా. డప్పులు గూడ వచ్చినయ్."

"జల్ది తీసేయించే! నాయిన వస్తున్నడు!"

"నా మాట ఎవలింటరు? మతి తప్పిన దాన్నాయె."

నాయినది పాత బటన్ ఫోను కాబట్టి ఆయనకీ సంగతి తెలియదు. అమ్మకు వేరే ఫోను లేదు, చేస్తే ఆయనే ఎత్తుతాడు. ఆ బస్సులో నేను పడ్డ నరకం ఆ కాళేశ్వరుడి లెక్కల్లో కూడా ఉండి ఉండదు. ప్రతి ఊళ్ళో ఆగింది, ప్రతి చేయికీ ఆగింది. నేను కిటికీ చువ్వ పట్టుకుని, చెమట పట్టకుండా మూతి గాలికి పెట్టి, లోపల ఒకటే అనుకుంటున్నాను: నాయినా, నువ్వు ఆలస్యంగా రా.

ఆయన ఆలస్యంగా రాలేదు. తొర్రూరులో ఆటో పట్టుకుని ఊరి మూల మీద దిగేసరికి ఆయన కారు నా ముందు నుంచే పోయింది. వెనక పరుగెత్తాను. ఇంటి ముందు తెల్ల టెంటు, ప్లాస్టిక్ కుర్చీల నిండా జనం. కారు తలుపు తెరుచుకుంది. మా నాయిన దిగాడు.

డప్పు ఆగిపోయింది. ముందు వరుసలో ఏడుస్తున్న ఆమె ఏడుపు సగంలో ఆపి నోరు తెరుచుకునే ఉండిపోయింది. పొలం గట్టు తగాదాతో ఇరవై ఏళ్ళుగా నాయినతో మాటల్లేని మా పక్క చేను లింగన్న, చేతిలో ఇంత లావు బంతిపూల దండతో సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నాయిన అందరినీ ఒకసారి చూశాడు. చెయ్యి మెల్లగా ఎడమవైపు ఛాతీ మీదికి పోయింది.

"ఎవలు పోయిన్రు?"

నేనైతే నిలబడ్డ చోటే పోయాను.

అప్పుడు మతి తప్పిన మా అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, లింగన్న చేతిలో దండ గుంజుకుని కొడుకు మెడలో వేసింది. "ఎవలు పోవుడేంది రా! నువ్వు దవాఖాన నుంచి మంచిగ వచ్చినవని ఊరంత సన్మానం చేస్తున్నరు. ఏం సూస్తున్నరు రా డప్పులోళ్ళు? కొట్టుండ్రి, పెండ్లి దరువు!"

డప్పు దద్దరిల్లింది. కుర్చీల్లోని వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. లింగన్న మా నాయిన చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచిగుండాలె కొమురన్నా," అన్నాడు. అది నిజంగానే అన్నాడు. నాయిన మీసం మెల్లగా పైకి లేచింది. "గింతమందా! నా కోసమా!"

గండం గడిచింది. అవ్వ కాళ్ళకు మొక్కాలనిపించింది నాకు. ముందు నాయిన కాళ్ళకు మొక్కుదామని వంగాను. మొయిన్ చెమట రానియ్యకు అన్నాడు. నేను మూల మీద నుంచి పరుగెత్తి వచ్చాను. పోలీసు మీసం ఊడి టపుక్కున నాయిన పాదం మీద పడింది.

"జెర్రి! జెర్రి!" అంటూ నాయిన కాలు విదిలించాడు. అది పోయి లింగన్న ధోతికి అతుక్కుంది. నాయిన దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా గుండు, నా నున్నటి మూతి, తన మెడలో దండ, వెనక టెంటు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాడు.

"శీనిగా. నేను సచ్చిన్నా రా?"

"లేదు నాయినా."

"మరి నీ మీసం ఏది?"

అందరి ముందు, మొత్తం చెప్పాను. వరుస దాటడం దగ్గర్నుంచి యముడికి మా ఇంటి గుర్తులు చెప్పడం దాకా. చెబుతూ ఏడ్చాను. ఈసారి మీసం కోసం కాదు. దండ తీసి కుర్చీ మీద పెట్టి లోపలికి పోయి పడుకున్నాడు. సొరకాయ కూర ముట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో కొట్టినా బాగుండేది. గోడ వైపు తిరిగి పడుకున్న ఆయన వీపును చూస్తూ, ఆయనకేమైనా అయితే నేను బతకనని ఆ రోజు నిజంగా అనుకున్నాను.

తెల్లవారి చాయ్ పట్టుకుని పోతే, అరుగు మీద ఎవరో పరాయి మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మ కూడా కొంగు సర్దుకుని, "ఎవలు కావాలె?" అంది.

"నేనేనే," అన్నాడు ఆ మనిషి. గొంతు మా నాయినదే. నలభై ఏళ్ళ మీసం అద్దం పక్కన కాగితంలో పడి ఉంది.

"నాయినా! ఏంది గిది?"

ఆయన చాయ్ ఊదుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు: "నీ మూతి చూసినోడల్ల నేను పోయిన్ననుకుంటడు. నిన్ను నవ్వులపాలు చేస్తడు. ఇద్దరికి లేకుంటే తండ్రీకొడుకులు మొక్కు తీర్చుకున్నరంటరు. సచ్చినోడు మీసం గీసుకోడు గదా రా."

నేను ఆయన పక్కన కూర్చుండిపోయాను. గంటసేపు ఇద్దరం నున్నటి మూతులతో అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళకు గర్వంగా కనిపించాము.

కనిపించినందుకు ఫలితం పది గంటలకు వచ్చింది. టెంటు విప్పుతున్న వాళ్ళు విప్పడం ఆపి మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. డప్పులు వచ్చాయి. లింగన్న నిన్నటి బంతిపూల దండ మీద నీళ్ళు చల్లుకుని పట్టుకొచ్చాడు. గ్రూపు తెరిచి చూస్తే రమేష్ మా ఇద్దరి ఫొటో పెట్టి రాశాడు: "కొమురన్న విషయంలో పొరపాటుకు క్షమించండి. పోయింది ఆయన తల్లి."

లింగన్న గడప దగ్గరికి వచ్చి గొంతు సవరించుకుని, "అవ్వను ఎక్కడ పండబెట్టిన్రు?" అన్నాడు.

"గీడనే ఉన్న. దండ లోపటికి తే," అంది అవ్వ, నిన్నటి సొరకాయ కూర కలుపుకుంటూ.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆ రోజు మూతి మీద చెయ్యి వేసుకుని నేను చేసిన ప్రతిజ్ఞ వినండి. రేషను షాపు ముందు కానీ, బస్సు ముందు కానీ, గుడి ముందు కానీ ఈ శీనుగాడు ఇక వరుస దాటడు. ముఖ్యంగా కాళేశ్వరుడి ముందు. అక్కడ నా వెనక ఎవరైనా తోస్తే నేను పక్కకు జరిగి, ఎంతో మర్యాదగా, "ముందు మీరే పోండి," అంటాను.